ముగ్గురు ‘లీ’లు చుట్టాలేనా? ఒకే ఇంటిపేరు, వేర్వేరు దేశాలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ టీమ్‌లో ముగ్గురు ‘లీ’లు ఉన్నారు. ఒకరిది చైనా, ఒకరిది కొరియా, మూడో ఆయన అమెరికన్ తెల్లజాతి మనిషి. పైగా అమెరికా మ్యాప్‌లో ఫోర్ట్ లీ అని ఊరుంది, లీ కౌంటీ ఉంది. వీళ్ళందరికీ వెనక్కి వెళ్తే ఎక్కడో ఒకే మూలపురుషుడు తగులుతాడా, లేక పేర్లు ఊరికే కలిశాయా? డీఎన్‌ఏ టెస్ట్ చేయిస్తే తేలిపోతుందా?

సూటిగా చెప్తాను. అమెరికన్ లీకి మిగతా ఇద్దరితో ఇంటిపేరు ద్వారా ఏ సంబంధమూ లేదు. చైనా లీ, కొరియా లీ రాసుకునే అక్షరం మాత్రం చాలావరకు ఒకటే. అయినా అది ఒక్కటే చూసి చుట్టరికం అనలేం. ఊళ్ళ సంగతి ఇంకో కథ, దానికి తర్వాత వస్తాను.

ఇంగ్లీష్ స్పెల్లింగ్ కలిసినంత మాత్రాన చుట్టాలు కారు. కలవనంత మాత్రాన పరాయివాళ్ళూ కారు. మొదటి మాట అందరూ తొందరగానే ఒప్పుకుంటారు. రెండోది మర్చిపోతారు. వంశవృక్షాలు, పాత రిజిస్టర్లు వెతికిపెట్టే పనిలో ఉన్న నాకు ఎక్కువ తలనొప్పి ఆ రెండోదానితోనే.

ముందు అమెరికన్ లీ. ఇంగ్లండ్‌లో ఇది ఊరి పేరు నుంచి వచ్చిన ఇంటిపేరు. అడవిలో చెట్లు కొట్టి చదును చేసిన చోటును పాత ఇంగ్లీషులో అలా పిలిచేవారు. అలాంటి చోట్లు దేశమంతా ఉన్నాయి కాబట్టి ఆ పేరుతో పల్లెలూ చాలా ఉన్నాయి. ఏ పల్లె నుంచి బయల్దేరినవాడు ఆ పల్లె పేరు పెట్టుకున్నాడు. అంటే ఇంగ్లీషు లీలలోనే ఒకరికొకరు ఏమీ కానివాళ్ళు బోలెడుమంది. ఐర్లాండ్ లీలది మళ్ళీ వేరే దారి. అక్కడ కవి అనే అర్థమున్న ఒక గేలిక్ (ఐర్లాండ్ సొంత భాష) ఇంటిపేరు ఇంగ్లీషువాళ్ళ నోట్లో అరిగిపోయి లీగా మిగిలింది. వీళ్ళు కాక, సొంతంగా లీ పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. కామిక్స్ రాసిన స్టాన్ లీ అసలు ఇంటిపేరు లీబర్, రొమేనియా నుంచి వచ్చిన యూదు కుటుంబం. గాయని పెగ్గీ లీ అసలు ఇంటిపేరు ఎగ్‌స్ట్రమ్.

అమెరికా 2010 జనాభా లెక్కల్లో లీ ఇంటిపేరున్నవాళ్ళు సుమారు 6.93 లక్షల మంది. అందులో దాదాపు 42 శాతం ఆసియా, పసిఫిక్ మూలాలవాళ్ళు, 36 శాతం తెల్లవాళ్ళు, 16 శాతం నల్లవాళ్ళు. ఇంత కలగలుపుగా ఉన్న ఇంటిపేరు ఆ దేశంలో అరుదు. కాగితం మీద లీ అని చూసి మనిషి ఎవరో ఊహించడం కుదరని పని.

ఇప్పుడు చైనా లీ. ప్లమ్ పండు చెట్టును సూచించే అక్షరం అది. చైనాలో వాంగ్, లీ రెండే అన్నిటికన్నా పెద్ద ఇంటిపేర్లు, దేశంలో పది కోట్ల మందికి పైగా లీలు ఉన్నారు. ఇంతమంది ఎలా అయ్యారంటే, ఒక పెద్ద కారణం టాంగ్ వంశం. 618 నుంచి 907 దాకా పాలించిన ఆ రాజుల ఇంటిపేరు లీ. బాగా పనిచేసిన సేనాపతులకు, తమవైపు తిరిగిన పరదేశీ నాయకులకు రాజుగారు తన ఇంటిపేరునే బహుమతిగా ఇచ్చేవాడు. షాటువో తుర్కుల నాయకుడొకడు ఒక తిరుగుబాటును అణిచిపెట్టినందుకు 869లో ఇలాగే లీ అయ్యాడు. అతని కొడుకే తర్వాత పేరుమోసిన సేనాపతి లీ కెయోంగ్. పుట్టుకతో తుర్కు, పేరుతో లీ. ఇలాంటి వంశాలవాళ్ళు ఈరోజు డీఎన్‌ఏ టెస్ట్ చేయించుకుంటే మిగతా లీలతో కలవకపోతే ఆశ్చర్యమేముంది?

ఇంకో చిక్కు. చైనా భాషలో ‘లీ’ అని పలికే ఇంటిపేర్లు వేరే అక్షరాలతోనూ ఉన్నాయి. ఇంగ్లీషులో రాసేసరికి అవన్నీ ఒకటైపోతాయి. అందుకే మీ చైనా మిత్రుడిని ‘మీ ఇంటిపేరు ఏమిటి’ అని కాదు, ‘ఏ అక్షరం’ అని అడగాలి.

కొరియాలో వ్యవహారం ఇంకా లోతు. అక్కడ ఇంటిపేరు సగమే, రెండో సగం ‘బొన్‌గ్వాన్’, అంటే ఆ వంశం మొదలైన ఊరు. ఒట్టి లీ అంటే కొరియన్లకు పెద్దగా ఏమీ తెలియదు. జొన్‌జు లీయా, దొక్సు లీయా అన్నది ముఖ్యం. 2015 లెక్కల్లో దక్షిణ కొరియాలో లీలు 73 లక్షల మంది ఉంటే, అందులో జొన్‌జు లీలే 26 లక్షలకు పైగా. 1392 నుంచి 1910 దాకా పాలించిన చోసోన్ రాజులది ఈ శాఖే. జపాన్ నౌకాదళాన్ని మట్టికరిపించిన అడ్మిరల్ యీ సున్‌షిన్ దొక్సు శాఖ. ఆయన్ని యీ అంటాం, దక్షిణ కొరియా మొదటి అధ్యక్షుడిని సింగ్‌మన్ రీ అంటాం, మీ సహోద్యోగిని లీ అంటున్నాం. ముగ్గురిదీ ఒకే అక్షరం, ఒకే ఇంటిపేరు! నా దగ్గరకు వచ్చిన ఒక కొరియన్ కుటుంబంలో సొంత అన్నదమ్ములు వేర్వేరు సమయాల్లో పాస్‌పోర్ట్ తీసుకుని ఒకరు లీ, ఒకరు యీ అయ్యారు. వాళ్ళ పిల్లలకు కాగితాల మీద అసలు సంబంధమే లేనట్టు కనిపిస్తుంది. వీసా ఇంటర్వ్యూ ముందు ఆ ఇంట్లో టెన్షన్ అంతా దీని గురించే.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగానికి ఇప్పుడు వస్తున్నాను. వియత్నాంలో 1009 నుంచి 1225 దాకా పాలించిన రాజవంశం పేరు లీ. చైనా అక్షరంలో రాస్తే అదే ప్లమ్ చెట్టు. ఆ వంశం కూలిపోయి, త్రాన్ వంశం గద్దెనెక్కింది. లీ రాకుమారుడొకడు, పేరు లీ లోంగ్ తువోంగ్, 1226లో ఓడెక్కి పారిపోయి కొరియా తీరం చేరాడని, అక్కడి రాజు ఆశ్రయమిచ్చాడని కొరియాలోని హ్వాసాన్ లీ శాఖవాళ్ళ వంశచరిత్ర చెబుతుంది. వెనక మిగిలిన లీలను 1232లో కొత్త పాలకులు బలవంతంగా ఇంటిపేరు మార్పించి ‘న్గుయెన్’ చేశారు.

దీని అర్థం చూడండి. మీ కొరియా లీ ఒకవేళ హ్వాసాన్ శాఖవాడైతే, పక్క సీట్లో కూర్చున్న చైనా లీ కంటే, పై అంతస్తులో పనిచేసే న్గుయెన్ ఎవరైనా ఆయనకు దగ్గర బంధువు అయ్యే అవకాశం ఎక్కువ. అలాగని న్గుయెన్‌లందరూ పాత లీలేమీ కారు. వియత్నాంలో సుమారు మూడో వంతు మంది ఇంటిపేరు అదే. రాజవంశాలు మారినప్పుడల్లా జనం ప్రాణభయంతోనో, కొత్త రాజు మెప్పు కోసమో పేర్లు మార్చుకున్నారు. చివరికి 1802లో గద్దెనెక్కిన రాజవంశమే న్గుయెన్ కావడంతో ఆ పేరుకు ఇంకా బలం వచ్చింది.

కొరియాలోనూ అంతే. పాతకాలంలో బానిసలకు, కింది తరగతివాళ్ళకు చాలామందికి ఇంటిపేరే లేదు. చోసోన్ చివరి రోజుల్లో డబ్బుపెట్టి వంశావళి పుస్తకాల్లో పేరు ఎక్కించుకున్నవాళ్ళున్నారు. 1909లో కుటుంబ రిజిస్టర్ వచ్చాక అందరికీ ఇంటిపేరు తప్పనిసరి అయ్యింది. పేరు ఎంచుకునే అవకాశం వస్తే ఎవరైనా గొప్పింటి పేరే ఎంచుకుంటారు కదా. కిమ్, లీ, పార్క్ ఆ దేశంలో అంతలా నిండిపోవడానికి ఇదొక కారణం. ఒకే శాఖవాళ్ళు పెళ్ళి చేసుకోకూడదన్న చట్టం కూడా అక్కడ చాలాకాలం ఉంది. 1997లో రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లదని తేల్చింది. జొన్‌జు లీలలో ప్రేమించుకున్నవాళ్ళ పరిస్థితి అప్పటిదాకా ఏమిటో ఊహించుకోండి, ఎన్నో తరాల కిందటి చుట్టరికం, అదీ నిజమో కాదో తెలియనిది, పెళ్ళికి అడ్డం.

సరే, లీని కాసేపు వదిలేద్దాం. ఇలాంటి జోడీలు ఇంకా చాలా ఉన్నాయి. ‘గిల్’ పంజాబ్‌లో ఒక జాట్ తెగ పేరు. ఉత్తర ఇంగ్లండ్‌లో అదే గిల్ నార్వే వాళ్ళు తెచ్చిన మాట, లోయ అని అర్థం. శుభ్‌మన్ గిల్‌కీ, గిల్ సాన్స్ అనే అచ్చు అక్షరాలు గీసిన ఎరిక్ గిల్‌కీ స్పెల్లింగ్ తప్ప ఏమీ కలవదు. ‘పార్క్’ కూడా అంతే: ఆఫ్రికాలో నైజర్ నది వెంట తిరిగిన స్కాట్లండ్ వాడు ముంగో పార్క్, దక్షిణ కొరియా అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ. కొరియా పలుకుబడిలో అది ‘బాక్’కు దగ్గర. ఇంగ్లీషులో రాసేటప్పుడు తెలిసిన మాటలా ఉందని అలా స్థిరపడింది.

‘రాయ్’ కాస్త తమాషా. బెంగాల్‌లో రాయ్, ఫ్రెంచ్ మాట్లాడే కెనడాలో కూడా రాయ్ చాలా మామూలు ఇంటిపేరు. అరుంధతీ రాయ్, గాబ్రియెల్ రాయ్ ఇద్దరూ నవలాకారులే. రెండు పేర్లకూ రాజు అనే అర్థం, ఆ రెండు మాటలూ ఒకే ప్రాచీన భాషా కుటుంబం నుంచి వచ్చినవే. మాటలు చుట్టాలు, మనుషులు కారు. స్కాట్లండ్ జానపద వీరుడు రాబ్ రాయ్ పేరులోని రాయ్ మాత్రం ఎర్ర జుట్టుకు పెట్టిన మారుపేరు.

ఇక మనవాళ్ళు తరచూ అడిగే ‘రావు’. దక్షిణ ఇటలీలో, ముఖ్యంగా సిసిలీలో, ఇంగ్లీషులో ఇదే స్పెల్లింగ్‌తో ఇంటిపేరు ఉంది. న్యూయార్క్‌లో 1896లో మొదలైన రేయోస్ అనే ఇటాలియన్ రెస్టారెంట్ ఆ పేరుదే. చైనాలో కూడా ఉంది, నాడీశాస్త్రవేత్త యీ రావ్ అలాంటివాడే. చైనా మ్యాప్‌లో షాంగ్‌రావ్, రావ్‌పింగ్ అనే ఊళ్ళూ కనిపిస్తాయి. వీటికీ మన రావుకూ సంబంధం లేదు. అసలు మనలో చాలామందికి రావు ఇంటిపేరే కాదు, పేరు చివర గౌరవంగా చేరిన మాట. పాస్‌పోర్ట్‌లో ‘లాస్ట్ నేమ్’ గడి నింపేటప్పుడు అది ఇంటిపేరు అయిపోయింది. అందుకని ఎవరి కేసు చూసినా చివర ఉన్న పేరు నిజంగా ఇంటిపేరేనా అని ముందు తేల్చుకుంటాను. ఐస్‌లాండ్‌లో చివర ఉండేది సాధారణంగా తండ్రి పేరు, ప్రతి తరానికీ మారిపోతుంది. సిక్కుల్లో సింగ్, కౌర్ మతం ఇచ్చినవి.

వలస పాలన వల్ల వచ్చిన పేర్లది పూర్తిగా వేరే కోవ. ఇక్కడ పేరు నిజంగానే ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్ళింది, మనుషులు మాత్రం వెళ్ళలేదు. ఫిలిప్పీన్స్‌లో స్పెయిన్ గవర్నర్ నర్సీసో క్లావేరియా 1849 నవంబర్‌లో ఒక ఉత్తర్వు ఇచ్చాడు. పన్నులు వసూలు చేయడానికి, లెక్కలు రాయడానికి జనానికి స్థిరమైన ఇంటిపేర్లు కావాలి. అక్షరక్రమంలో ఇంటిపేర్ల జాబితా ఒకటి అచ్చువేయించి, అందులోని పేజీలు ఊళ్ళకు పంచారు. ఒక ఊరికి ఒకే అక్షరం పేజీ వస్తే ఊరంతా ఆ అక్షరంతో మొదలయ్యే పేర్లే. గార్సియా అనే ఫిలిప్పీన్స్ నర్సుకూ గార్సియా అనే మెక్సికో డ్రైవర్‌కూ స్పెయిన్‌లో తాత ఉండాల్సిన పనిలేదు.

పోర్చుగీసువాళ్ళు ఇదే పని చర్చి ద్వారా చేశారు. గోవాలో, శ్రీలంకలో, బ్రెజిల్‌లో బాప్తిజం తీసుకున్నవాళ్ళకు పాదిరీ పేరో, జ్ఞానపిత (బాప్తిజం అప్పుడు బాధ్యత తీసుకునే పెద్దమనిషి) పేరో ఇంటిపేరుగా వచ్చేది. అలాగే బ్రెజిల్ అధ్యక్షుడు లూలా డ సిల్వా, శ్రీలంక క్రికెటర్ అరవింద డిసిల్వా ఒకే పేరు పంచుకుంటున్నారు. ఒక డిసౌజా గారు పోర్చుగల్‌లో తమ పూర్వీకుల ఇల్లు వెతికిపెట్టమని నా దగ్గరకు వచ్చారు. సౌజా అనేది పోర్చుగల్‌లో ఒక నది. ఆ నది ఒడ్డున ఊరు కూడా ఆయనే మనసులో ఎంచుకుని వచ్చారు. రిజిస్టర్లు వెనక్కి తిప్పుకుంటూ పోతే, ఒక తరంలో తండ్రి పేరు దగ్గర స్థానిక హిందూ పేరు, కొడుకు దగ్గర డిసౌజా. మొదట ఆయన ముఖం వాడిపోయింది. తర్వాత ఆ పాత పేరు పట్టుకుని వెతకడంలో ఆయనకే ఆసక్తి పెరిగింది. పోర్చుగల్ టికెట్ మాత్రం రద్దు చేసుకోలేదు.

ఒకే ఇంటిపేరు అంటే దాదాపు కచ్చితంగా ఒకే కుటుంబం అయ్యే చోటు కూడా ఉంది: థాయ్‌లాండ్. 1913లో అక్కడ ఇంటిపేర్ల చట్టం వచ్చినప్పుడు, ఒక కుటుంబం రిజిస్టర్ చేసుకున్న పేరు ఇంకో కుటుంబం పెట్టుకోకూడదన్నారు. అందుకే ఆ దేశం పేర్లు అంత పొడుగు. ఇద్దరు థాయ్‌లది ఒకే ఇంటిపేరైతే చుట్టాలని నేను ధైర్యంగా అంటాను.

ఊళ్ళ సంగతికొస్తాను. ఇక్కడ జాగ్రత్తగా అడగాల్సింది ఒకటే: ఊరి నుంచి మనిషికి పేరు వచ్చిందా, మనిషి నుంచి ఊరికా? రెండూ జరుగుతాయి, ఒక్కోసారి వరసగా జరుగుతాయి. ఈశాన్య ఇంగ్లండ్‌లో వాషింగ్టన్ అని ఊరుంది. 12వ శతాబ్దంలో ఆ ఊరు చేతికొచ్చిన భూస్వామి దాని పేరునే తన పేరు చేసుకున్నాడు. ఆ వంశంవాడు ఒకడు 1650ల్లో వర్జీనియా చేరాడు, అతని మునిమనవడు జార్జ్ వాషింగ్టన్. ఆయన పేరు మీద రాజధాని, ఒక రాష్ట్రం, ఎన్నో ఊళ్ళు, కౌంటీలు. తర్వాత బానిసత్వం నుంచి బయటపడిన నల్లవాళ్ళు చాలామంది ఆ పేరు తీసుకున్నారు. బుకర్ టి. వాషింగ్టన్ చిన్నప్పుడు బడిలో ఇంటిపేరు అడిగితే అప్పటికప్పుడు తానే ఎంచుకుని చెప్పానని రాసుకున్నాడు. అమెరికా 2000 జనాభా లెక్కల్లో వాషింగ్టన్ ఇంటిపేరున్న 1.63 లక్షల మందిలో 90 శాతం నల్లజాతివాళ్ళే. జార్జ్ వాషింగ్టన్‌కు సొంత పిల్లలే లేరు.

మీరు చూసిన ఫోర్ట్ లీ న్యూజెర్సీలోది. అక్కడి కోటకు 1776లో జనరల్ చార్లెస్ లీ పేరు పెట్టారు. ఆయన ఇంగ్లండ్‌లో పుట్టినవాడు, వర్జీనియా లీ కుటుంబపు మనిషి కాదు. వర్జీనియాలోని లీ కౌంటీది మాత్రం ఆ కుటుంబంవాడైన హెన్రీ లీ పేరు, అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాపతి రాబర్ట్ ఇ. లీకి ఈయన తండ్రి. ఇంకో వింత చెప్పనా? ఈరోజు న్యూజెర్సీ ఫోర్ట్ లీలో కొరియన్ల జనాభా బాగా పెద్దది. అంటే ఆ ఊళ్ళో లీలకు కొదవ లేదు, కానీ వాళ్ళకూ ఊరి పేరుకూ సంబంధం లేదు. కొన్ని వందల ఏళ్ళ తర్వాత ఏ చరిత్రకారుడైనా ఊరి పేరు, జనం పేర్లు పక్కపక్కన పెట్టి ‘లీ వంశం స్థాపించిన ఊరు’ అని రాసేస్తే అది ఎంత నమ్మదగ్గట్టు ఉంటుందో!

ఇంతకన్నా వింత వర్జీనియాలోని సైనిక స్థావరం ఫోర్ట్ లీది. అది మొదట రాబర్ట్ ఇ. లీ పేరు. బానిసత్వం కోసం పోరాడిన పక్షం సేనాపతుల పేర్లు తీసేయాలని 2023లో దాన్ని ఫోర్ట్ గ్రెగ్-ఆడమ్స్‌గా మార్చారు. 2025లో మళ్ళీ ఫోర్ట్ లీ అన్నారు, కానీ ఈసారి స్పెయిన్ యుద్ధంలో పతకం పొందిన నల్లజాతి సైనికుడు ఫిట్జ్ లీ పేరు మీద అన్నారు. బోర్డు మీద అక్షరాలు పాతవే, మనిషి వేరు. దీనివెనక రాజకీయం గురించి ఎవరి అభిప్రాయం వాళ్ళది. నాలాంటివాళ్ళకు మాత్రం ఊరి పేరు ఎవరిదో బోర్డు చూసి చెప్పకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

డీఎన్‌ఏ గురించి. పనికొస్తుంది, అన్ని చోట్లా కాదు. ఇంగ్లండ్‌లో ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి వెళ్తుంది, వై క్రోమోజోమ్ కూడా అలాగే వెళ్తుంది, అందుకని రెండిటినీ పోల్చవచ్చు. 2000లో బ్రయన్ సైక్స్ అనే జన్యుశాస్త్రవేత్త తన ఇంటిపేరే ఉన్న మగవాళ్ళను పరీక్షిస్తే దాదాపు 44 శాతం మందిలో ఒకే రకం వై క్రోమోజోమ్ కనిపించింది. అది మరీ సాధారణమైన పేరు కాదు. స్మిత్ లాంటి పేర్లలో ఇలాంటి కలయిక దాదాపు కనపడదు, ఎందుకంటే ప్రతి ఊళ్ళో ఒక కమ్మరి ఉన్నాడు. పేరు ఎంత అరుదైతే టెస్ట్ అంత ఉపయోగం. లీ లాంటి పేరుకు, అదీ మూడు ఖండాల మధ్య, టెస్ట్ చేయించడం డబ్బు దండగ. పైగా దత్తతలు, ఇల్లరికాలు, మధ్యలో మారిన పేర్లు ఎక్కడైనా ఉంటాయి. మ్యాచ్ రాకపోతే వంశం అబద్ధమని ఎవరూ కంగారుపడక్కర్లేదు.

ఇంకొకటి, మీరు అడగలేదు కానీ చెప్పాలి. ‘మీ ఇంటిపేరు రాజముద్ర’ (కోట్ ఆఫ్ ఆర్మ్స్) అని ఫ్రేమ్ కట్టించి అమ్మే సైట్ల జోలికి పోకండి. ఇంగ్లండ్‌లో అలాంటి చిహ్నాన్ని ఒక వ్యక్తికి, అతని సంతానానికి ఇస్తారు, ఇంటిపేరుకు కాదు. మీ అమెరికన్ లీకి ఎవరైనా పుట్టినరోజుకు అది కొనిస్తే గోడకు బాగానే ఉంటుంది, అంతకుమించి దానికి విలువ లేదు.

మీ ముగ్గురినీ కూర్చోబెట్టి తెలుసుకోవాలనుంటే ఇలా అడగండి. కొరియా ఆయన్ని బొన్‌గ్వాన్ ఏమిటని అడగండి, చాలామందికి తెలుస్తుంది, తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళకు తెలుస్తుంది. చైనా ఆయన్ని అక్షరం రాసి చూపించమనండి, తాత ముత్తాతలు ఏ ఊరివాళ్ళో, ఇంట్లో వంశావళి పుస్తకం ఉందో లేదో కనుక్కోండి. అమెరికన్‌ను మాత్రం ఇంగ్లండ్ గురించి అడగకండి. ఆయన కుటుంబంలో అమెరికా వచ్చిన మొదటి మనిషి ఎవరు, ఏ కౌంటీలో దిగాడు, అప్పటికే పేరు లీయేనా అన్నది కావాలి. జవాబులు తెలిశాక ఇక్కడే రాయండి. కొరియా ఆయన హ్వాసాన్ లీ అని తేలితే మాత్రం నాకు వెంటనే చెప్పాలి.